చెంబెడు పాలు, చేనులో పాలు

రండర్రా, రండి. కాళ్ళు కడుక్కున్నారా? సరే. అనగనగా ఒక రాజ్యం. ఊరు కాదు, ఏకంగా రాజ్యమే! అందులో పైడమ్మ అని ఒక పిల్ల. ఏటి ఒడ్డు పల్లెకి కోడలుగా వెళ్ళింది. ఒక ఏడు ఏరు పొంగి అత్తారి ఇల్లూ పొలమూ అన్నీ ఊడ్చుకుపోయింది. మొగుణ్ణీ చంటిపిల్లనీ వెంటబెట్టుకుని పుట్టింటికొచ్చింది పాపం.

అయ్య అప్పటికే పోయాడు. ఎనిమిదెకరాలూ అన్న సింహాద్రి చేతిలో ఉన్నాయి. అందులో ఆ మెరక చెక్క ఒక్కటి ఇవ్వు అన్నా, మిరప నాటుకుని బతుకుతాం అని అడిగింది. ఆడపిల్లకి భూమేంటే, కావలిస్తే చీర పెడతాను అన్నాడు వాడు. చీర నమిలి మింగుతుందా ఏం?

ఊ కొడుతున్నారా? ఏదీ, వినబడలేదు. ఆఁ, అలాగ.

ఆ రాజ్యానికి రాజు చండమార్తాండుడు. పేరు చూస్తే అంత, మనిషి పిల్లిని చూస్తే జడుసుకుంటాడు. తూర్పు రాజ్యంలో ఆడపిల్లకి పుట్టింట పాలు ఇవ్వాలని కొత్త చట్టం చేశారు. పాలంటే తాగేవి కాదే బుజ్జీ, వంతు! మొదట్లో అన్నదమ్ములు లబోదిబోమన్నారట, తరవాత అలవాటుపడ్డారట, బీడు చేలన్నీ పచ్చబడ్డాయట. పడమటి రాజ్యంలోనూ చేశారు. కానీ అక్కడ వంతు అడిగిన పిల్లకి పుట్టింటి గుమ్మం మూసేస్తామని బెదిరించి, నాకేమీ వద్దని వేలిముద్ర వేయించుకున్నారట. ఏదైతేనేం, ఇద్దరు రాజులకీ దేశదేశాల్లో పేరొచ్చింది. మనవాడికి కడుపు మండింది. నాకూ ఓ చట్టం కావాలి, రేపటికల్లా కావాలి అని మంత్రి మీద పడ్డాడు.

మంత్రి తూర్పుకెళ్ళి ఆ చట్టం తాటాకు ఉన్నదున్నట్టు రాయించుకొచ్చాడు. తీరా సభలో చదివితే అందరి మొహాల్లో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. మంత్రికి రెండొందల ఎకరాలు, సేనాపతికి మూడొందలు, ఇద్దరికీ చెరో నలుగురు అప్పచెల్లెళ్ళాయె! అప్పుడు మంత్రి గొంతు సవరించుకుని, ప్రభూ, పాలు అని రాశారు గానీ ఏ పాలో రాయలేదు అన్నాడు. ఆహా అన్నారు అందరూ. చట్టం కొత్తదీ అయింది, పొలం పాతవాళ్ళదీ అయింది.

దండోరా వేశారు. ఆడపిల్లకి పుట్టింట చెంబెడు పాలు పోయవలెనహో! ఊరికో చెంబు, చెంబుకో గుమస్తా, గుమస్తాకో గొడుగు, గొడుగు పట్టడానికో మనిషి, ఆ మనిషి అలిసిపోతే విసరడానికింకో మనిషి. ఇంతమంది చేతులు మారేసరికి చెంబులో పాలకంటే నీళ్ళే ఎక్కువ. దూడలు ఎండిపోయాయి. విదేశాల వాళ్ళు మాత్రం వచ్చి చూసి, చట్టం భేషుగ్గా అమలవుతోందని రాసుకుపోయారు.

సింహాద్రి చెంబు పట్టుకొచ్చి, ఇదిగోనే చెల్లీ, నీ పాలు, నేను చట్టం తప్పే మనిషిని కాను అన్నాడు. పైడమ్మకి ఒళ్ళు మండిపోయింది. పిల్ల వైపు చూసుకుంటే ఏడుపూ వచ్చింది. ఏడిస్తే ఏమొస్తుంది? కళ్ళు తుడుచుకుని, ఆ చెంబే పట్టుకుని తిన్నగా రాజసభకి నడిచింది.

వెళ్ళేసరికి వందిమాగధులు రాజుగారిని పొగుడుతున్నారు. తండ్రిగారి రాజ్యమున పెద్దకొడుకుగా పాలు పొందిన ప్రభువులకు జయము జయము అని. పైడమ్మ చెవులు నిక్కబొడుచుకుంది. చరచరా ముందుకెళ్ళి సింహాసనం ముందు చెంబు పెట్టి, ఒక్కటే మాట అంది.

"ఏలినవారి పాలు తెచ్చాను. తాగి గద్దె దిగండి."

పక్కనే రాజుగారి తమ్ముడున్నాడు, ఎప్పుడెప్పుడా అని కాచుక్కూర్చున్నవాడు. వాడు లేచి కండువా సర్దుకుని, తాగు అన్నయ్యా, చట్టం చట్టమే కదా అన్నాడు. రాజుకి ముచ్చెమటలు పోశాయి. "కాదు కాదు, పాలంటే వంతే! వంతే!" అని అరిచాడు. రాజు నోటి మాట కదా, గుమస్తా టక్కున రాసేశాడు. మంత్రి నెత్తి బాదుకున్నాడు.

మెరక చెక్క పైడమ్మ వంతుకొచ్చింది, మిరప నాటింది. సింహాద్రి నాలుగు నెలలు మాట్లాడలేదు. ఆ తరవాత ఓ పొద్దున వచ్చి, పచ్చడికి నాలుగు పండుమిరపకాయలు పెట్టవే అన్నాడు. గంపెడు పెట్టింది. దూడలూ బతికాయి, అందరూ సుఖంగా ఉన్నారు. కాబట్టి పిల్లలూ, చట్టం ఏ దేశంనుంచి తెచ్చారని కాదు, దాన్ని చదివి అర్థం చెప్పేవాడికి ఎన్నెకరాలున్నాయో చూసుకోండి.

ఏమిటే బుజ్జీ? నాకిచ్చారా అంటావా? నాకు మా అన్నయ్యలు చెంబెడు పాలే పోశారు తల్లీ. నోరు మూసుకుని తాగేశాను. అడిగుంటే బాగుండునని ఇప్పటికీ బాధే. అందుకే మీ అమ్మకీ మీ మావయ్యకీ సమానంగా చెరో పాలు రాసేశాను. మీ మావయ్య మూతి ముడిచాడు. ముడవనీ, నా కొడుకే కదా.

కథ కంచికి బండెక్కింది, మనం దుప్పట్లోకి.