వెంకాయమ్మ చెవి నీడ

రాళ్ళగుట్ట కింద బొరియలో కుందేలు వెంకాయమ్మ కాపురం. ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. బయట గడ్డి కుళ్ళిపోయింది, లోపల పిల్లలు ఆకలని గోల. ఇంట్లో మిగిలిన గుప్పెడు మెంతులూ బొరియలోనే చల్లింది. మెంతికూర అందితే సరి, లేదంటే పిల్లలకు పస్తే.

"చీకట్లో పంటేమిటత్తా!" అంటూ నక్క జంబులింగం సీసా నిండా మిణుగురులు తెచ్చి వేలాడదీశాడు. అద్దె, పంటలో సగం. నక్కకు మెంతికూర ఎందుకని అడక్కండి. తనకు పనికొచ్చేదే తీసుకునే రకమైతే ఊళ్ళో సగం గొడవలు ఉండేవే కావు.

"ఈ వెలుగు చాలుతుందా అల్లుడూ?"

"కొలిపిద్దాం. వెలుగు కొలిచే మీటరు కొనాలంటే కొంప అమ్ముకోవాలి. మన గూబ పంతులు కన్నయితే ఉచితం."

గుడ్లగూబ పంతులు వచ్చి, సీసా చూసి, రెక్క అడ్డం పెట్టుకున్నాడు. "అబ్బబ్బ, మిట్టమధ్యాహ్నమే! కాస్త తగ్గించండమ్మా."

పంతులు అబద్ధమాడలేదు. ఆయనకు అమావాస్య కూడా కాస్త ఎండగానే ఉంటుంది.

కొన్నాళ్ళకు మెంతి మొక్కలు దారాల్లా సాగి, పాలిపోయి, సీసా వైపు ఒరిగాయి.

"ఎంత పొడుగెదిగాయో చూశావా అత్తా!"

"వంగిపోయాయి కదయ్యా."

"మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు. నీవి ఇప్పుడే వంగాయి. బుద్ధిమంతులు."

వాన తెరిపిచ్చి కాస్త ఎండ పొడ పడ్డప్పుడు వెంకాయమ్మ దిగులుగా బొరియ వాకిట్లో కూర్చుంది. అక్కడ రాతి చూరు కింద, చెయ్యి జారి పడ్డ మెంతిగింజ ఒకటి పొట్టిగా, పచ్చగా, పొగరుగా మొలిచి ఉంది. దాని మీద తన చెవి నీడ, అంచులతో సహా గీత గీసినట్టు పడింది. లోపలికి నడిచింది. నీడ మసకబారింది. సీసా కిందికి వచ్చేసరికి అసలు లేదు.

పుట్టినప్పట్నుంచీ మీటరు నెత్తి మీదే ఉందన్నమాట. పైగా అద్దె లేదు.

పక్క బొరియ ముళ్ళపంది కోటయ్య చెవిలో ఏదో ఊది, నక్కను పిలిపించింది.

"అల్లుడూ, వెలుగు చాలినంత ఉంటే నీ నీడ పడాలిగా? పడితే పంటంతా నీదే. పడకపోతే అద్దె లేదు."

జంబులింగం సీసా కింద నిలబడి తోక ఊపాడు. నేల మీద ఏదీ ఊగలేదు. మూలన మాత్రం ఏదో నల్లగా, గుండ్రంగా కనిపించింది.

"అదిగో, నా నీడే!"

"కాస్త లావుగా లేదూ?"

"ఈమధ్య ఒళ్ళు చేశానత్తా."

"తోక ఊపితే ఊగదేం?"

"పెద్దింటి నీడ. తొందరపడదు."

"అయితే దాని మీద కూర్చుని చూపించు. ఎవరి నీడ వాళ్ళనేం చేస్తుంది?"

కూర్చున్నాడు.

ముళ్ళు కనబడేంత వెలుగుంటే కూర్చునేవాడు కాదు పాపం. ఆ కేకకు సీసా పడి పగిలింది, మిణుగురులు ఎగిరిపోయాయి, వాటి వెనకే జంబులింగమూ పోయాడు. ఇప్పటికీ నిలబడే భోంచేస్తాడు. అడిగితే, ఆరోగ్యానికి మంచిదంటాడు.

వెంకాయమ్మ మొక్కల్ని మట్టితో సహా చెవి నీడ తేటగా పడే చోటికి మార్చింది. కొన్ని చచ్చాయి, మిగతావి తేరుకుని గుబురుగా పెరిగాయి. పిల్లలు ఇప్పుడు మెంతికూర చేదని గోల.

నీతి: వెలుగెంతో నీడనడుగు, సీసా తెచ్చినవాణ్ణి అడగకు.