సమాధిలో కాపురం, రాజుగారికి విందు

నేను చెప్పబోయేది అక్షరం అక్షరం నిజం. అబద్ధమైతే నా నోట్లో మిగిలిన ఆ ఒక్క దంతమూ ఈ పూటే రాలిపోవాలి.

ఒకానొక రాజ్యం ఉండేది. ఎంత పెద్దదంటే, తూర్పు పొలిమేరలో తెల్లవారితే ఆ కబురు పడమటి పొలిమేరకు వారానికి గాని అందేది కాదు. దాన్నేలే గండరాజు మీసాలు మోయడానికే ఇద్దరు బంట్లు. పొరుగుదేశం నుంచి బంగారం తెచ్చి వ్యాపారంలో పెట్టినవాడికీ, ఎవరి కొలువూ చేయక సొంతంగా పని చేసుకు బతికేవాడికీ ఆయన ఒక రాగి ముద్ర ఇచ్చేవాడు. ముద్ర ఉంటే ఆ దేశంలో కాపురం ఉండొచ్చు. ఆరు నెలలు దాటితే మాత్రం, ఏ దేశంలో సంపాదించిందైనా సగం రాజుగారిదే.

ముత్యాలకు బెజ్జాలు వేసే కోనప్ప అలాగే ముద్ర పుచ్చుకుని వచ్చాడు. నెల తిరక్కుండానే విషజ్వరం తగిలి పోయాడు. ఊరి బయట పూడ్చారు. ఆ కబురు నడిచి నడిచి పెళ్ళాం పుల్లమాంబకు చేరి, ఆవిడ వచ్చి సమాధికి దండం పెట్టుకునేసరికి ఆరు నెలలు దాటిపోయింది. తిరిగి వెళ్ళబోతుంటే భటులు పట్టుకుని సభకు తెచ్చారు.

రాజు మీసం మెలేశాడు. "నీ మొగుడు ఆరు నెలలుగా నా మట్టిలోనే ఉన్నాడు. కదల్లేదు, మెదల్లేదు. ఇంతకన్నా నికరమైన కాపురం ఎవడిది? మీ ఊళ్ళో ఇల్లు అమ్మించి పన్ను కట్టు. అందాకా నువ్వు పొలిమేర దాటడానికి వీల్లేదు."

"మహాప్రభో, ఆ ఇంట్లో నా కూతురు నిండుచూలాలు. రేపో మాపో పురుడు. దానికి నేను తప్ప దిక్కు లేదు" అని ఆవిడ బావురుమంది.

రాజుగారి భోజనాన్ని ముందుగా రుచి చూసే అక్కిరాజు లేచి దండం పెట్టాడు. "ఏలినవారి మాట వేదం. కానీ పరదేశి దగ్గర తొలి పన్ను పుచ్చుకునే ముందు రాజు వాడింట భోంచేయాలని తాతలనాటి ఆచారం కదా! రేపు మిట్టమధ్యాహ్నం కోనప్ప ఇంట విస్తరి వేయిస్తాను."

సభ గొల్లుమని నవ్వింది. వెనక్కి తగ్గితే పరువేం కావాలి? "వేయించు!" అన్నాడు రాజు.

మర్నాడు శ్మశానం దగ్గరకు రాగానే రాజుగారి పల్లకీ మోసే బోయీలు పాట ఆపేశారు. ఎండ తెల్లగా మండుతోంది, ఒంటికి మాత్రం చలి. కాకి లేదు, ఈగ లేదు. నేల అడుగున ఎవరో ముత్యానికి బెజ్జం వేస్తున్నట్టు సన్నగా కిర్రు... కిర్రు... విన్నవాడు పక్కవాణ్ణి అడగలేదు.

సమాధి ముందు రెండు విస్తళ్ళు.

"రెండోది ఎవడికిరా?"

"ఇంటాయనకి, ప్రభూ." అక్కిరాజు మట్టి మీదకు వంగి కేకేశాడు. "కోనప్పన్నా! రాజుగారొచ్చారు, కాళ్ళకు నీళ్ళివ్వు!"

కిర్రు ఆగిపోయింది. పక్కనున్న చెంబులో నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు తొణికాయి.

"ను... నువ్వు ముందు రుచి చూడు" అన్నాడు రాజు.

"చూశాను, ఉప్పు సరిపోయింది. ఎదుటి విస్తట్లో కూడా సరిపోయినట్టే ఉంది."

రాజు అటు చూశాడు. అన్నం మీద నాలుగు వేళ్ళ గుర్తులు.

కళ్ళు మూసుకుని ఒక్క ముద్ద మింగాడు. "అయింది కదా, పోదాం పద!"

"ఆచారంలో సగమే అయింది, ప్రభూ. రేపు ఇంటాయన కోటకొచ్చి తమ పక్కన కూర్చుని తినాలి. పాపం, దారి తెలియదు. ఇప్పుడే పల్లకీలో తీసుకుపోదాం. తమరు కాస్త జరిగి కూర్చోండి."

"వాడు నా దేశంవాడు కాడు!" రాజు అరిచిన అరుపుకు ఏడూళ్ళ గొడ్లు బెదిరాయి. "చచ్చిననాడే వెళ్ళిపోయాడు!"

"అయితే ఇక్కడ నెలైనా ఉండలేదన్నమాట. మరి పన్ను?"

"లేదు, నీ తలకాయ! ఆవిణ్ణి నా గుర్రబ్బండిలో ఇప్పుడే పంపెయ్!"

కోటలో అడుగుపెట్టాక గాని రాజుకు ఊపిరాడలేదు. తర్వాత నవ్వొచ్చింది. మీసాలు ఊడేలా నవ్వి, తన చేతి బంగారు మురుగు తీసి అక్కిరాజుకు తొడిగాడు. "దొంగా! ఆ వేళ్ళ గుర్తులు నువ్వే పెట్టావు కదూ?"

అక్కిరాజు తెల్లబోయాడు. "నేనా? తమరే పెట్టారనుకున్నాను, ప్రభూ!"

రాజుగారి నవ్వు సగంలో ఆగిపోయింది.

పుల్లమాంబ సరిగ్గా పురిటి వేళకు ఇల్లు చేరింది. మనవడు పుట్టాడు, ఏనుగుపిల్లంత.

సరే గాని, ఒసే పిల్లా, లే. మేడ మీద ఎండేసిన వడియాలు ఎవరో నములుతున్న చప్పుడవుతోంది, వెళ్ళి చూడు. కాకి అయితే తోలెయ్. కాకపోతే, ఏ ఊరివాళ్ళో కనుక్కుని రా.