తిరిగి వచ్చిన వేగం

హైమవతి గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు అడిగిన ప్రశ్న చిన్నదైతే వెంటనే జవాబు చెప్పేవారు. పెద్దదైతే ఏదో ఒక పని పురమాయించేవారు. సముద్రపు ఒడ్డున ఉన్న ఒక రియాక్టరులో, న్యూట్రాన్లతో పదార్థాలను పరీక్షించే విభాగానికి ఆవిడ చాలాకాలం అధిపతిగా ఉన్నారు.

మదనపల్లె నుంచి వచ్చిన రెడ్డెప్ప ఆవిడ దగ్గర పరిశోధన చేసేవాడు. బంకమట్టి పొరల మధ్య ఇరుక్కున్న నీటి అణువులు ఎలా కదులుతాయో తేల్చడం అతని పని. వేగం తెలిసిన న్యూట్రాన్లను ఆ మట్టిలోకి పంపుతారు. అవి లోపలి అణువులను తాకి, కొంత వేగం పోగొట్టుకునో పుంజుకునో, దారి మారి బయటికి వస్తాయి. ఆ మార్పును కొలిచి లోపలి కదలికను లెక్కగడతారు. కొలతలన్నీ పూర్తయ్యాక, ఇక రాయడమే మిగిలిన సమయంలో, రెడ్డెప్ప సిద్ధాంత వ్యాసం ఆపేశాడు. ఊరికి వెళ్ళిపోతానని స్నేహితులతో అంటున్నాడని తెలిసి, ఒక మధ్యాహ్నం ఆవిడ పిలిచి కారణం అడిగారు.

"నమ్మకం కుదరడం లేదు మేడమ్. అణువును మనం ఒక్కసారి కూడా చూడలేదు. బయటికొచ్చిన న్యూట్రాన్‌ను చూసి, లోపల ఇట్లా జరిగిందని నేనెట్లా రాసేది?"

ఆవిడ బల్లమీది కళ్ళజోడు తీసి అతని చేతికిచ్చారు.

"దైవసహాయం గారు మరిచిపోయి వెళ్ళారు. ఇంటికెళ్ళి ఇచ్చిరా."

దైవసహాయం గారు ఆ విభాగంలోనే సీనియర్ శాస్త్రవేత్త. కొద్ది నెలల కిందట ఆయన కూతురు స్కూటర్ ప్రమాదంలో చనిపోయింది. సమాధి కార్యక్రమం అయిన మరుసటి వారమే ఆయన పనిలోకి వచ్చారు. ఎవరి ముందూ కంటతడి పెట్టలేదు. మనిషి కాదు, రాయి అని క్యాంటీన్‌లో అనుకునేవారు. రెడ్డెప్ప కూడా అలాగే అన్నాడు, ఆ మాట హైమవతి గారి చెవిన పడింది.

క్వార్టర్స్ దగ్గరే. రెడ్డెప్ప విసుగ్గా బైకు తీసి, జోరుగా వెళ్ళాడు. ఆ తర్వాత జరిగింది, అక్కడే పరిశోధన చేస్తున్న నాకు అతనే చెప్పాడు.

దైవసహాయం గారు తలుపు తీసి, కళ్ళజోడు అందుకుని, "శ్రమ ఇచ్చాను," అన్నారు. మంచినీళ్ళు ఇచ్చారు. వ్యాసం ఎంతవరకు వచ్చిందని అడిగారు. ముఖంలో ఏమీ లేదు. రెడ్డెప్ప బయటికొచ్చి హెల్మెట్ తగిలించుకుని బైకెక్కుతుంటే, ఆయన చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి వచ్చారు. అతని గడ్డం కింద వేలాడుతున్న పట్టీని బిగించారు. లాగి చూశారు. ఊడదీసి మళ్ళీ బిగించారు. ఆయన వేళ్ళు వణుకుతున్నాయి. ఎదురుగా నిలబడి చూసినా కనిపించనంత సన్నటి వణుకు. గొంతుకు తగిలింది కాబట్టి తెలిసింది. బిగించాక కూడా ఆయన పట్టీ వదల్లేదు.

"నెమ్మదిగా వెళ్ళు నాయనా," అన్నారు చివరికి.

వీధి మలుపు తిరిగాక రెడ్డెప్ప బైకు ఆపేశాడు. మిగతా దారంతా దాన్ని తోసుకుంటూ నడిచి వచ్చాడు. హైమవతి గారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. అతను గదిలోకి వచ్చి కూర్చోలేదు.

"ఏమన్నారాయన?"

"ఏమీ అనలేదు మేడమ్."

"ఏడ్చారా?"

"లేదు." హెల్మెట్ బల్లమీద పెట్టి, "ఆయన్ని రాయి అన్నాను మేడమ్. తప్పు. లోపల ఆయన..."

"తెలుసు," అన్నారావిడ.

"మీకెట్లా తెలుసు? మీ దగ్గరేమన్నా చెప్పుకున్నారా?"

"లేదు. ఆయన లోపలున్నది నేనెప్పుడూ చూడలేదు రెడ్డెప్పా. తిరిగొస్తున్న నిన్ను చూశాను."