రాజుగారి చేతికి గోరింట

వెనకటికి వెలిచెర్ల సీమను రణకేసరి అనే రాజు ఏలేవాడు. ఆయనకు కూర్చుంటే నిలకడ లేదు, నిలుచుంటే నెమ్మది లేదు. అన్నం ఉడక్కముందే విస్తరి వేయమనే రకం. ఆయన కొలువులో చెన్నుభట్టు అనే మాటకారి ఉండేవాడు.

రాణి చెంగమాంబకు గోరింటపూల వాసనన్నా, ఆకు ఎరుపన్నా ప్రాణం. అది విని రాజు ఆ మాఘంలోనే కోటతోటలో వరసలు వరసలుగా గోరింటకొమ్మలు నాటించాడు. తోట చూసే పోలమ్మ, "ఇది మెట్టచెట్టు ఏలినవారూ, వారానికో తడి చాలు" అన్నా వినలేదు. పూటపూటకూ కడవలతో నీళ్ళు పోయించాడు. మొక్కలు ఏపుగా లేచాయి. ఆషాఢం రాగానే ఆకు కోయించి రాణి చేతులకు పెట్టించాడు. తీరా చూస్తే పసుపునీళ్ళ మరకంత రంగు. చుట్టాల ముందు రాణి చేతులు కొంగులో దాచుకుంది.

రాజు మండిపడ్డాడు. "పోలమ్మ దొంగమొక్కలు నాటింది! తోట పీకించండి. దాన్ని ఇంటిల్లిపాదితో రాజ్యం దాటించండి. ఆజ్ఞ రాసి తెండి, ముద్ర వేస్తాను!"

చెన్నుభట్టుకు అసలు సంగతి తెలుసు. లేతమొక్కకు నీళ్ళు ఎక్కువైతే ఆకులో రంగెక్కడిది? ఆ మాటంటే తప్పు రాజుదవుతుంది, తెగే తల తనదవుతుంది. అవతల పోలమ్మ ఏడుస్తూ మూటాముల్లె సర్దుకుంటోందని కబురొచ్చింది.

"తగిన శిక్షే ప్రభూ!" అన్నాడు చెన్నుభట్టు. "కానీ ఎండలప్పటి నుంచీ తమరు అరచేతులు మంటలంటున్నారు కదా. మా పెరట్లో ముదురు గోరింట ఉంది, చలవ చేస్తుంది. అది పెట్టుకుని, చేతులు చల్లబడ్డాక ముద్ర వేద్దురుగాని."

మంట మాట నిజమే. రాజు చేతులు చాపాడు. చెన్నుభట్టు భార్య చింతపండు వేసి మెత్తగా నూరి పంపిన ముద్దను రెండు అరచేతులకూ పట్టించారు.

అప్పుడు మొదలైంది రాజుగారి అవస్థ. ముక్కు దురద పెట్టింది. మీసం మీద ఈగ వాలింది. తలపాగా జారింది. లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. "ఇంకా ఎంతసేపయ్యా?"

చెన్నుభట్టు ఈగను తోలుతున్నాడే గాని, ప్రాణమంతా ఆ రెండు చేతుల మీదే ఉంది. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ చెమట పట్టిందో చెప్పడం కష్టం. రాణికి రహస్యంగా కబురు పంపాడు.

ఇంతలోనే రాజు ఎడమచెయ్యి నీళ్ళలో ముంచి కడిగేశాడు. కుడిచెయ్యి ముంచబోతుండగా రాణి వచ్చి మణికట్టు పట్టుకుంది. "నా కోసం ఈ ఒక్క చెయ్యీ ఉంచండి."

భార్య పట్టుకున్న చేతిని విదిలించుకోలేక రాజు సణుగుతూనే పొద్దుగూకేదాకా ఉంచుకున్నాడు. దీపాలు పెట్టాక ముద్ర వేసే ఆచారం లేదు. ఆజ్ఞ మర్నాటికి పడింది.

మర్నాడు కొలువులో రాజు రెండు చేతులూ చాపి చూపించాడు. కుడిచెయ్యి దానిమ్మపువ్వులా ఎర్రగా పండింది. ఎడమచెయ్యి వెలవెలబోతోంది. "ఒకే ముద్ద కదయ్యా! ఇదేం వింత?"

చెన్నుభట్టు కళ్ళెర్రజేశాడు. "వింత కాదు ప్రభూ, ద్రోహం! ఈ ఎడమది దొంగచెయ్యి. దీన్ని ఇప్పుడే రాజ్యం దాటించండి!"

"మతి పోయిందా? చెయ్యేం చేసింది? పండకముందే కడిగేసింది నేను!"

"మరి పోలమ్మ మొక్కలేం చేశాయి ప్రభూ? రెండు మూడేళ్ళు ముదిరితేగాని పండని ఆకును పసికూనగానే కోసేశాం. అదీగాక, మెట్టచెట్టుకు ఈత నేర్పాం!"

రాజు ఒక చేతిని చూసుకున్నాడు, ఇంకో చేతిని చూసుకున్నాడు. రెండు చేతులతోనూ పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. ఆజ్ఞాపత్రం చించేశాడు. మెడలోని హారం తీసి చెన్నుభట్టు మెడలో వేశాడు. పోలమ్మను పిలిపించి పట్టుచీర ఇచ్చాడు.

"ఇక తోట నీ ఇష్టం పోలమ్మా. రాణిగారి చేతులు ఎర్రగా పండాలంటే నేనేం చెయ్యాలో చెప్పు."

పోలమ్మ చీర కళ్ళకద్దుకుంది. "తమరు కడవ పట్టుకుని తోటవైపు రాకుంటే చాలు, ఏలినవారూ!"

ఆ మాటకు అందరికన్నా పెద్దగా నవ్వింది రాజే.