గిన్నె కింద శిష్యుడు

యాసీన్‌కు గురువుగారి మీద అలక వచ్చింది.

తన తర్వాత ఎప్పుడో వచ్చి చేరిన హబీబ్‌కు ఆయన ఇజాజత్ ఇచ్చేశారు. ఇజాజత్ అంటే, ఇక నువ్వు వెళ్లి నలుగురికీ బోధించుకోవచ్చని గురువు ఇచ్చే అనుమతి. ఆ హబీబ్‌కేమో నోరు తెరిస్తే నాలుగు మాటలు కుదురుగా రావు. అదే యాసీన్ మాట్లాడితే, గురువారం సభకు వచ్చినవాళ్లు చేతిలో చాయ్ చల్లారిపోతున్నా కదలరు. కొండ కింది ఊరివాళ్లు అతని కోసం ఒక ఇల్లు కూడా చూసి పెట్టారు. గురువుగారు ఊ అనడమే తరువాయి. ఆయన అనరు.

ఆ గురువు పేరు దావల్ షా. నీలగిరి కొండల్లో ఒక జలాశయం గట్టున, రేకుల ఇంట్లో ఉండే సూఫీ. చెయ్యి చాచడం ఆయనకు గిట్టదు. జలాశయంలో ట్రౌట్ చేపలుండేవి, ఎప్పుడో దొరలు తెచ్చి వదిలినవి. నీటి మీద పురుగు వాలితే చాలు, పైకి వచ్చి గుటుక్కుమనిపిస్తాయి. అందుకని చిన్న కొక్కేనికి ఈకలూ ఉన్నీ దారంతో కట్టి, పురుగులాంటిది చేసి గాలానికి తగిలిస్తారు. దాన్ని అక్కడ అందరూ ఈగ అంటారు. గురుశిష్యులు ఈగలు కట్టి గాలాలవాళ్లకు అమ్మేవారు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది వాటి మీదే.

అడగందే అమ్మయినా పెట్టదు కదా అని, ఒకరోజు ఉదయం యాసీన్ అడిగేశాడు.

"హజ్రత్, నా ఇజాజత్ సంగతి ఏం చేశారు?"

దావల్ షా ఉన్ని పేనుతున్నారు. తల ఎత్తలేదు.

"ఒక ఈగ కట్టి తీసుకురా బేటా. నీ చేతనైనంత బాగా కట్టు."

యాసీన్ మనసు గంతులేసింది. ఈగ కట్టడంలోనూ అతనిది అందెవేసిన చెయ్యే మరి. కిటికీ దగ్గర కూర్చుని, నెమలి ఈక పోగు తీసి కొక్కేనికి ఒళ్లంతా చుట్టాడు. దాని మీద సన్నని జరీ తిప్పాడు. అడవికోడి ఈక మెడ దగ్గర కట్టాడు. ఆ ఈక కొసలు కిందికి కూడా పరుచుకుని జరీని కప్పేస్తున్నాయి. అంత అందం కనబడకుండా పోతే ఎలా? చిన్న కత్తెరతో కింది వైపు నున్నగా కత్తిరించేశాడు. ఇప్పుడు ఈగ పెళ్లిపీటల మీది పెళ్లికొడుకులా ఉంది. గాలం వెయ్యడానికి పోతున్న ఒకాయన కిటికీలోంచి తొంగి చూసి, "అబ్బ, నీళ్లలో వెయ్యబుద్ధి కాదయ్యా!" అన్నాడు. యాసీన్ కాళ్లు నేల మీద నిలవలేదు.

గురువు ఈగను అరచేతిలో పెట్టుకుని చూశారు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. లోపలికి వెళ్లి ఒక గాజు గిన్నె తెచ్చి నీళ్లు పోశారు. యాసీన్ ఈగకు మునగకుండా కాస్త మైనం రాసి ఆ నీటి మీద వదిలారు. దాని పక్కనే తను కట్టినదొకటి వదిలారు. బూడిదరంగు ఉన్ని, నలిగిన ఈక, చూస్తే పిల్లి నమిలి ఉమ్మేసినట్టుంది. తర్వాత వాకిట్లో రెండు ముక్కాలి పీటలు ఎడంగా వేసి, గిన్నెను వాటి మధ్య సందు మీద ఆన్చారు.

"పడుకో," అన్నారు.

"ఎక్కడ హజ్రత్?"

"గిన్నె కింద. చేప ఉండే చోట."

ముసలాయనకు చాదస్తం ముదిరింది అనుకుంటూనే యాసీన్ తువ్వాలు పరిచి వెల్లకిలా పడుకున్నాడు. గిన్నె అడుగు ముఖానికి కాస్త ఎత్తులో ఉంది. దాని పైన ఆకాశం తెల్లగా వెలుగుతోంది.

"నా ఈగ ఎలా ఉంది?" అడిగారు గురువు.

"రంగేం లేదు. నల్లగా ఉంది. మసకమసకగా... చుట్టూ కాళ్లున్నట్టుంది." యాసీన్ కాసేపు చూశాడు. "అచ్చం పురుగే."

"నీది?"

యాసీన్ కళ్లు చికిలించాడు. తల కాస్త అటు జరిపాడు, ఇటు జరిపాడు.

"నెమలి ఈక కనబడుతోందా?"

"లేదు హజ్రత్."

"జరీ?"

"అదీ లేదు."

"మరి ఏం కనబడుతోంది?"

గట్టు మీద ఎవరో గాలం విసురుతున్న చప్పుడు వినిపించింది. అతని చెవులు సిగ్గుతో వేడెక్కాయి.

"కొక్కెం," అన్నాడు చివరికి. "కొక్కెం ఒక్కటే. కింది ఈక నేనే కత్తిరించేశాను."

దావల్ షా పక్కన గొంతుక్కూర్చున్నారు. ఆయన గొంతులో కోపం లేదు, ఎగతాళీ లేదు.

"కింది ఊరికి ఎప్పుడు బయల్దేరతావు బేటా? నేను అడ్డు చెప్పను."

యాసీన్ కంటి కొసనుంచి ఒక చుక్క చెవిలోకి జారింది. లేవబోయాడు. గురువు అతని రొమ్ము మీద మెల్లగా చెయ్యి ఆన్చారు.

"తొందరేముంది? ఇంకాసేపు చేపగా ఉండు."