పేరిందేవి కొనుక్కున్న మూల

కేశవార్యులుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే తన ఇంట్లో కూర్చుని జవాబు చెప్పేవారు కాదు. "రేపు మీ ఇంటికి కాఫీకి వస్తానమ్మా" అనేవారు. అందుకని ఆయన శిష్యురాళ్ళు ముందు ఇల్లు సర్దుకుని, తర్వాత ప్రశ్న అడిగేవారు.

పేరిందేవికి ఆ ఇబ్బంది లేదు. ఆవిడ ఇల్లు ఎప్పుడూ అద్దంలా ఉండేది. ఆవిడ బెంగ వేరు. డెబ్బై దాటాక మరుపు మొదలైంది. తాళంచెవులు, మందుబిళ్ళలు, ఎదురింటి కోడలి పేరు, అవి పోతే పోయాయి. అమ్మ కూడా పోతుందేమోనని భయం పట్టుకుంది. అమ్మకు ఒక్క ఫొటో లేదు. పేరిందేవి మనసులో ఉన్న రూపమే రూపం. అదైనా నిలవాలని, హాల్లో కిటికీ పక్కన రెండు మూరల చోటు ఖాళీ చేసింది. పాత సామాన్ల కొట్టుకు వారంవారం వెళ్ళి, అమ్మ కాలపు వస్తువులు ఒక్కొక్కటే తెచ్చి పెట్టుకుంది. చెక్క పీట, ఉప్పు జాడీ, లాంతరు, మరచెంబు, అన్నిటికంటే ముందు ఒక ఇత్తడి చెంబు. వచ్చినవాళ్ళందరూ ఆ మూల దగ్గర ఆగి, "మీ అమ్మగారివా?" అని అడిగేవారు. మొదట్లో "అలాంటివే" అనేది. తర్వాత తర్వాత ఊరుకునేది.

"అమ్మ గుర్తుండాలని పెట్టుకున్నానండీ," అని ఒకనాడు గురువుగారిని అడిగింది. "మూల నిండుతున్నకొద్దీ అమ్మ మొహం మసకబారుతోంది. ఎందుకంటారు?"

"రేపు వస్తాను. మీ అమ్మను ఎరిగినవాళ్ళు ఇంకెవరన్నా ఉన్నారా?"

"మా అక్కయ్య ఉందండీ. నోరు కాస్త ఎక్కువ."

"ఆవిణ్ణి కూడా పిలువమ్మా."

మర్నాడు కాంతమణి వచ్చింది. చెల్లెలికంటే నాలుగేళ్ళు పెద్ద. మోకాళ్ళు పట్టుకుపోయాయి గాని బుర్ర మాత్రం కత్తి. గురువుగారికి దండం పెట్టి కూర్చుంటూనే ఆ మూలను చూసింది.

"ఏమే పేరీ, గుడి కట్టావా, కొట్టు పెట్టావా?"

కళ్ళజోడు తగిలించుకుని చెంబు అందుకుంది. దాని మెడ మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు కూడబలుక్కుంది. "వేమూరి భ్రమరాంబ. ఎవరే ఈవిడ? మనకు చుట్టమని నాకెవరూ చెప్పలేదే."

"కొట్లో అలాగే దొరికింది అక్కయ్యా. పేరుతో మనకేం పని? అమ్మ ఇలాంటి చెంబుతోనే కదా మనకు తలంటి పోసేది."

కాంతమణి నవ్వబోయి, చెల్లెలి మొహం చూసి ఆగింది.

"అమ్మకు ఇత్తడి చెంబు ఎక్కడిదే? మనింట్లో ఉన్నవి రెండు సత్తు గిన్నెలు. అందులో ఒకటి సొట్టది. బళ్ళో ఇచ్చిన పాలపిండి డబ్బాకు తీగ కట్టి దాంతో పోసేది. అంచు గీరుకుంటోందని నువ్వు ఒకటే ఏడుపు. నీకోసం చీర చెంగు చింపి, ఆ అంచు చుట్టూ చుట్టి కుట్టింది. అప్పుడు నీకేం పాలు తాగే వయసు కాదు, పదేళ్ళు."

పేరిందేవి కళ్ళు మూసుకుంది. డబ్బా కోసం వెతికింది. తీగ కోసం, గుడ్డ అంచు కోసం వెతికింది. తడిసిన గుడ్డ చెంపకు తగిలి ఉండాలి కదా, ఆ మెత్తదనం కోసం వెతికింది. ఎంత వెతికినా ఒకటే కనబడింది: పట్టుచీర కట్టుకున్న ఒక ఆవిడ, చేతినిండా గాజులు, తళతళలాడే ఇత్తడి చెంబు. మొహం సరిగా తెలియడం లేదు. అమ్మ జన్మలో పట్టుచీర కట్టి ఎరగదు. ఆ సంగతి మాత్రం పేరిందేవికి ఇప్పుడు గుర్తొచ్చింది.

ఆవిడ లేచి చెంబు తీసి బల్ల కింద పెట్టింది. మరచెంబు తీసింది, లాంతరు తీసింది, జాడీ తీసింది. పీట కూడా లాగేసింది. ఖాళీ అయిన చోట నిలబడి మళ్ళీ కళ్ళు మూసుకుంది. కాంతమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అన్నీ తీసేశానండీ," అంది పేరిందేవి, కళ్ళు తెరవకుండానే. "ఎవరో పట్టుచీర ఆవిడే ఇంకా కనబడుతోంది. ఇకనైనా మా అమ్మ వస్తుందా?"

గురువుగారు చల్లారిన కాఫీ చివరిదాకా తాగి గ్లాసు కింద పెట్టారు.

"నువ్వు పిలిస్తేనే కదమ్మా ఆ పట్టుచీర ఆవిడ వచ్చి కూర్చుంది," అన్నారు. "ఇప్పుడు లెమ్మంటే ఆవిడ మాత్రం ఎక్కడికి పోతుంది?"