సన్యాసమ్మ కూర్చున్న బండి

వినే చెవులు మీవి, చెప్పే నోరు నాది. ఇది ఊరినీ ఊరినీ బండిచక్రమే కలిపిన కాలం నాటి సంగతి.

కొండ కింద ఒక పనిబడి ఉండేది. చక్రాలు చెయ్యడం నేర్పే బడి. పన్నెండుమంది పిల్లలు. వాళ్లకి గంజి కాచిపెట్టేది సన్యాసమ్మ. వాళ్లలో ఆమె కన్నబిడ్డలు ఒక్కరూ లేరు. అయినా అందరూ అమ్మా అనే పిలిచేవాళ్లు.

చదువు పూర్తయింది. పిల్లలంతా కలిసి ఒక చక్రం చేశారు. మరి పని ఇచ్చేదెవరు? ఆ చుట్టుపక్కల చక్రాల కార్ఖానా ఒక్కటే, వీరాచారిది. అతను కాదంటే పిల్లలు బడికి రాకముందులా మళ్లీ రాళ్లు మొయ్యాల్సిందే.

సన్యాసమ్మ చక్రం దొర్లించుకుంటూ వెళ్లింది.

"బడి చక్రమా? గోడకి తగిలించుకోండి," అన్నాడు వీరాచారి.

రెండోరోజు వెళ్లింది.

"మళ్లీ వచ్చావా! అక్కడ గంజి మాడిపోద్ది, పో."

మూడోరోజూ వెళ్లింది.

"ఈ చక్రం పెట్టిన బండిలో కూర్చునే మగాడెవడే?"

"మగాడెందుకు బాబూ? నేను కూర్చుంటా."

చక్రం బండికెక్కించారు. సన్యాసమ్మ కూర్చుంది. కొండవాలు సగం దిగేసరికి చక్రం చుట్టూ ఉన్న ఇనప పట్టా ఊడిపోయింది. చక్రం ముక్కలైంది. బండి ఒరిగింది. ఆమె కాలు విరిగింది.

పిల్లలు గొల్లుమన్నారు. వీరాచారి పరుగెత్తుకొచ్చాడు.

"చెప్పానా లేదా?"

"చెప్పావులే. పిల్లలు ఎక్కడ తప్పారో అది చెప్పు," అంది నేలమీద నుంచే.

అతను పట్టా తిప్పి చూశాడు. "దీన్ని ఎర్రగా కాల్చి ఎక్కించాలి. అప్పుడే చల్లారి బిగుస్తుంది. ఎక్కడ కాల్చారర్రా?"

"అమ్మ గంజిపొయ్యి మీద," అంది పైడమ్మ అనే పిల్ల.

వీరాచారికి నవ్వొచ్చింది. సగంలో ఆగిపోయింది. బడిలో కొలిమి ఉందా లేదా అని అతను ఏనాడూ అడగలేదు.

"రేపట్నుంచి నా కొలిమి దగ్గరికి రండి."

"నువ్వూ బడికొచ్చి నేర్పాలి," అంది సన్యాసమ్మ.

"వస్తాను. ముందు కాలు కట్టించుకోవే తల్లీ!"

పొద్దున బడి, మధ్యాహ్నం కొలిమి. మూడు నెలలకి రెండో చక్రం. సన్యాసమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"నేను కూర్చుంటా."

"కాస్త జరుగు," అంటూ వీరాచారి ఆమె పక్కన ఎక్కి కూర్చున్నాడు.

బండి కొండ దిగింది. చక్రం కిర్రుమనలేదు.

పిల్లలందరికీ పని దొరికింది. పైడమ్మ అయితే తర్వాత సొంత కార్ఖానాయే పెట్టింది.

సన్యాసమ్మ పోయి ఎన్నేళ్లయిందో ఎవరూ లెక్క చెప్పలేరు. చివరిదాకా కుంటుతూనే గంజి కాచింది. ఆ కొండ కింద ఇప్పటికీ, కొత్త చేతులు చేసిన మొదటి చక్రం బండికెక్కితే, ముందు కూర్చోవాల్సింది నేర్పినవాళ్లే. ఎవరైనా జంకితే జనం ఊరుకోరు.

"గంజి కాచే ఆవిడే రెండుసార్లు కూర్చుంది. నువ్వు ఒక్కసారి కూర్చోలేవా?"

ఎక్కి కూర్చుంటారు.